ఎర్ర డబ్బాలో వేసింది ఎటు పోతోంది?

ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే దాన్ని ఎవరూ చెత్తబండిలో వెయ్యరు. కొత్తది అమ్మే షాపువాడే "పాతది ఇస్తే ఇంత తగ్గిస్తాం" అని లెక్క చెప్పి, కుర్రాణ్ణి పంపి మోయించుకుపోతాడు. అదే ఇంట్లో మాడిపోయిన ట్యూబ్‌లైటు తలుపు వెనక ఆరు నెలలు నిలబడుతుంది. చివరికి ఏ దసరాకో ఇల్లు దులిపినప్పుడు తడి చెత్త మీద పడుకుని బండి ఎక్కుతుంది. ఒకదాంట్లో సీసం, ఇంకోదాంట్లో పాదరసం. రెండూ విషాలే. తేడా అల్లా సీసానికి మార్కెట్లో ధర ఉంది, గాజుగొట్టానికి లేదు. ఇళ్లలోంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాల మీద విధానం రాసేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన కొస ఇది. మన దగ్గర మాత్రం ప్రతిసారీ "ప్రజల్లో అవగాహన" దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

చట్టం లేక కాదు. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను మూడు రకాలుగా విడదీయమన్నాయి: కుళ్లేది, కుళ్లనిది, ఇంటి ప్రమాదకర వ్యర్థం. ఈ మూడోదాంట్లోకి ఏవి వస్తాయో పేర్లతో సహా చెప్పాయి. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు, సూదులు, సిరంజీలు. విడదియ్యడం ఇంటివాళ్ల బాధ్యత. తీసుకునే చోటు ఏర్పాటు చెయ్యడం మున్సిపాలిటీ బాధ్యత. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక సేకరణ కేంద్రం పెట్టి, అది ఎప్పుడు తెరిచి ఉంటుందో ప్రకటించాలన్నాయి. అక్కడి నుంచి భద్రంగా ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేర్చాలని కూడా అన్నాయి.

ఈ లెక్కను మన ఊళ్లకు వేసి చూస్తే దాని బలమూ లోపమూ రెండూ బయటపడతాయి. విస్తరణకు ముందు జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంటే 33 కేంద్రాలు ఉండాల్సింది. విజయవాడ నగరపాలక సంస్థది 62 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ, నాలుగు చాలు. కానీ ఆ నాలుగూ పది లక్షలు దాటిన జనాభాకు. ఒక్కో కేంద్రం మీద రెండున్నర లక్షల మంది, అరవై వేలకు పైగా ఇళ్లు. చెత్త పుట్టేది ఇళ్లలో. దాన్ని చదరపు కిలోమీటర్లతో కొలిస్తే ఖాళీ జాగాలున్న శివార్లకు ఎక్కువ కేంద్రాలు, కిక్కిరిసిన పాత బస్తీలకు తక్కువ కేంద్రాలు వస్తాయి. కొలమానం ఇళ్ల సంఖ్య కావాలి. పాతిక వేల ఇళ్లకు ఒకటి అనుకున్నా విజయవాడకు పది పన్నెండు తేలతాయి.

డబ్బాల విషయంలో రెండు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు రెండే ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో మూడో డబ్బా కూడా వచ్చింది: ఎర్రది, ప్రమాదకర చెత్తకు. కాగితం మీద ఇది పెద్ద ముందడుగే. అయితే ఎర్ర డబ్బా ఎన్నాళ్లకు నిండుతుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు. నలుగురున్న ఇంట్లో నెలకు రెండు పెన్సిల్ సెల్స్, ఒక మందుల అట్ట, ఎప్పుడో ఒక బల్బు. రోజూ వచ్చే బండికి రోజూ ఇవ్వాల్సినంత సరుకు అందులో పడదు. ఖాళీగా ఉన్న డబ్బాను జనం ఊరికే ఉంచరు. చాలా ఇళ్లలో అది బియ్యం పోసుకోడానికో, బాత్రూములో బకెట్టుగానో మారిపోయింది. తప్పు వాళ్లది కాదు. ఏడాదికి నాలుగైదు కిలోలు కూడా రాని వ్యర్థానికి రోజువారీ డబ్బా ఇవ్వడమే తప్పు.

బండిలో జరిగేది

ఇంట్లో విడదీసినా బండి దగ్గర కలిసిపోతుందన్న ఫిర్యాదు అందరూ చేసేదే. కలిసిపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. బాత్రూమ్ యాసిడ్ అంటే ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అడుగున ఒక గుక్కెడు మిగిలిన సీసా ఒక ఇంటి నుంచి వస్తుంది. గడ్డకట్టిపోయిన బ్లీచింగ్ పౌడర్ పొట్లం పక్కింటి నుంచి వస్తుంది. విడివిడిగా రెండూ ఇంటి సామాన్లే. ఆటో తొట్టెలో వాటి మీద తడి చెత్త పడి, సీసా మూత ఊడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తొట్టె లోపలికి వంగి చేత్తో చెత్త సర్దే మనిషి ముక్కుకు అది అడుగు దూరంలో ఉంటుంది. ఆ రోజు కళ్లు మండాయని, దగ్గు వచ్చిందని అనుకుంటాడు తప్ప అది ఏ ఇంటి సీసా వల్లో తెలిసే దారి లేదు.

లిథియం బ్యాటరీది వేరే కథ. పాత ఫోన్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్, పిల్లల బొమ్మ, వేప్ (ఈ-సిగరెట్) గొట్టం, వీటిల్లో ఉండే చిన్న పౌచ్ సెల్ నలిగితే లోపలి రెండు పొరలు ఒకదానికొకటి తాకి షార్ట్ అవుతుంది. సెల్ వేడెక్కి, ఆ వేడికి ఇంకా వేడెక్కి మంటలు లేస్తాయి. చిన్న బండ్ల చెత్తను పెద్ద లారీలకు ఎక్కించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్లో, చెత్తను అదిమే కాంపాక్టర్ సరిగ్గా ఆ నలిపే పనే చేస్తుంది. చుట్టూ ఉన్నది ఎండిన ప్లాస్టిక్, అట్ట. బయటి నుంచి నీళ్లు కొట్టి ఆర్పినా సెల్ లోపలి వేడి పోదు కాబట్టి గంటల తర్వాత మళ్లీ అంటుకుంటుంది. 2022లో ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అన్ని రకాల బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. కానీ వస్తువులోపలే అతికించి ఉన్న సెల్‌ను జనం బ్యాటరీగా చూడరు, బొమ్మగా చూస్తారు.

ఇక సూదులు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్లలో ఇన్సులిన్ తీసుకునే మనిషికి రోజుకు రెండు నుంచి నాలుగు పోట్లు. ప్రతిసారీ కొత్త సూది వాడితే నెలకు 60 నుంచి 120. మనవాళ్లు ఒక్కో సూదిని నాలుగైదుసార్లు వాడతారు కాబట్టి అంతకన్నా తక్కువే బయటికొస్తాయి, కానీ వచ్చినవి మొద్దుబారి, వంగి, టోపీ లేకుండా వస్తాయి. గ్లూకోమీటరు పరీక్షకు వేలు పొడిచే లాన్సెట్లు వీటికి అదనం. ఆస్పత్రిలో వాడిన సూదికి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు కాపలా. కట్ చెయ్యాలి, గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వెయ్యాలి, బార్‌కోడ్ అంటించాలి, తూకం వెయ్యాలి. అదే సూది అదే రోగి ఇంట్లో వాడితే ఇంటి చెత్త. టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్-బి ఉన్నవాళ్ల సూది గుచ్చుకుంటే 100లో ఆరుగురి నుంచి ముప్పయి మంది దాకా వ్యాధి అంటుకునే అవకాశం ఉంది. హెచ్‌ఐవీ విషయంలో అది వెయ్యికి మూడు. చెత్త ఏరుకునేవాళ్లకు చేతి తొడుగులు పంచి ఫొటోలు దిగడం కన్నా మూడు డోసుల హెపటైటిస్-బి టీకా వేయించడం ముందు జరగాలి. నూలు తొడుగును సూది లెక్కచెయ్యదు.

సూదికి ఇంట్లో పరిష్కారం చవకైనది. లిక్విడ్ డిటర్జెంట్ లేదా ఫాబ్రిక్ కండిషనర్ అయిపోయిన మందపాటి ప్లాస్టిక్ సీసా చాలు. నీళ్ల సీసా పనికిరాదు, దాని గోడ పలుచన. సూదికి మళ్లీ టోపీ పెట్టబోతేనే ఎక్కువ గుచ్చుకుంటాయి. అందుకే ఊడదీసి నేరుగా సీసాలో వెయ్యాలి. ముప్పాతిక నిండగానే మూత బిగించి, చుట్టూ టేపు వేసి, "సూదులు" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి. తర్వాత? ఆ తర్వాతే దారి మూసుకుపోతోంది. ఆస్పత్రుల వ్యర్థాల కోసం ఉమ్మడి బయోమెడికల్ శుద్ధి కేంద్రాల బండ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, బస్తీ దవాఖానాలకు, పట్టణ ఆరోగ్య కేంద్రాలకు వెళుతూనే ఉన్నాయి. ఇంటి సీసాను అక్కడ ఇచ్చే వీలు కల్పిస్తే కొత్త బండి అక్కర్లేదు, కొత్త కేంద్రం అక్కర్లేదు. ఆరోగ్య శాఖ, పురపాలక శాఖ కలిసి ఒక్క జీవో ఇస్తే చాలు. అడ్డంకి ఒక్కటే: ఆ శుద్ధి కేంద్రాల బిల్లు పడకల లెక్కనో, కిలోల లెక్కనో వస్తుంది. ఇంటి సూదుల బరువుకు డబ్బు ఎవరు కడతారో ఆ జీవోలోనే రాయకపోతే నెల తిరక్కుండా గేటు దగ్గర "మాకు సంబంధం లేదు" అంటారు.

మందులు, దీపాలు, పురుగుమందు డబ్బాలు

గడువు దాటిన మందుల విషయంలో కేరళ ఒక మెట్టు ముందుంది. అక్కడి ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోజికోడ్‌లో ఎన్-ప్రౌడ్ పేరుతో ఇళ్లలో మిగిలిన మందుల సేకరణ మొదలుపెట్టింది. మందుల షాపుల్లో పెట్టెలు పెట్టారు, ఇళ్ల నుంచీ తీసుకున్నారు. పోగైనవి ఎర్నాకుళంలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళతాయి. అదే ఏడాది కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ మందుల పారవేత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఫెంటానిల్, ట్రమడాల్, డయాజెపామ్ వంటి 17 మందుల్ని ఇంట్లో ఉంచితే ఎవరైనా పొరపాటున మింగే ప్రమాదం ఎక్కువ కాబట్టి వాటిని టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టమంది. ఆ 17 తప్ప మిగిలినవి టాయిలెట్‌లో వెయ్యకూడదు. పత్రికల్లో మాత్రం శీర్షికలు "పాత మందులు టాయిలెట్‌లో వెయ్యండి" అన్న అర్థం వచ్చేలా పడ్డాయి. యాంటీబయాటిక్ మాత్రలు మురుగులో కలిస్తే వాటికి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది. మందుల ఫ్యాక్టరీల నీళ్లతో పటాన్‌చెరు ప్రాంతం ఇప్పటికే ఆ పాఠం నేర్చుకుంది. ఇళ్ల వాటా అంతకన్నా బాగా చిన్నదే, కానీ దాన్ని ఆపడం తేలిక.

పెట్టె పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. పైనుంచి చెయ్యి దూరని సన్నటి కంత ఉండాలి, తాళం వెయ్యాలి. లేకపోతే స్ట్రిప్పులు మళ్లీ బజారుకెక్కుతాయి. సిరప్పుల్ని సీసాలతో సహా తీసుకోవాలి, ఒంపించకూడదు. అట్టపెట్టెల్ని, కాగితాల్ని అక్కడే విడిగా తీయించాలి. వాటితో కలిపి తూకం వేస్తే భస్మీకరణకు కట్టే డబ్బులో సగం అట్టకే పోతుంది.

దీపాల సంగతి తొందరపడాల్సినది. ఒక సీఎఫ్ఎల్‌లో పాదరసం అయిదు మిల్లీగ్రాముల లోపు. పాత గాజు జ్వరం థర్మామీటరులో అర గ్రాము నుంచి ఒక గ్రాము. అంటే ఒక థర్మామీటరు వంద బల్బుల పెట్టు. ఎల్‌ఈడీలు వచ్చాక దేశంలో కేంద్రం చవగ్గా ఎల్‌ఈడీలు ఇచ్చిన ఉజాలా పథకం కింద ఒక్కటే 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. వాటి చోటు ఖాళీచేసిన సీఎఫ్ఎల్‌లు, ట్యూబ్‌లైట్లు అటకల మీదికి వెళ్లాయి, వెళుతూనే ఉన్నాయి. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం కింద పొడవాటి ట్యూబ్‌లైట్ల తయారీ, ఎగుమతి, దిగుమతి 2027కల్లా ఆగాలి. తయారీ ఆగితే తయారీదారు మాయమవుతాడు. ఇళ్లలో, బళ్లలో, ఆఫీసుల్లో బిగించి ఉన్నవి మాత్రం ఆ తర్వాత పదేళ్ల దాకా రాలుతూనే ఉంటాయి. వాటిని తీసుకునే ఖర్చు తయారీదారులు ఉండగానే వసూలు చేసి పక్కన పెట్టాలి.

ఈ-వ్యర్థాల నియమాల్లో ఈ దీపాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న విధానంలో రీసైక్లర్‌కు వచ్చే సర్టిఫికెట్లు (తయారీదారులు డబ్బిచ్చి కొనుక్కునేవి) బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం అనే నాలుగు లోహాల లెక్కన. ట్యూబ్‌లైటులో అమ్మదగినది రెండు చివర్ల అల్యూమినియం టోపీలు మాత్రమే. పాదరసాన్ని పట్టి భద్రపరిచినందుకు పైసా రాదు. కాబట్టి టోపీలు ఊడదీసుకుని గొట్టం పగలగొట్టేవాడికే లాభం. మొదట చెప్పిన ఇన్వర్టర్ బ్యాటరీ కథకు ఇది తిరగేసిన రూపం. పాదరసం దీపాలకు వేరే సర్టిఫికెట్ ఉండాలి. అది లోహం అమ్మకం మీద కాకుండా పగలకుండా చేరిన గొట్టాల సంఖ్య మీద ఇవ్వాలి.

పగిలితే చెయ్యాల్సింది చాలామందికి తెలియదు, చీపురు తీస్తారు. చీపురు పాదరసపు ధూళిని గదంతా పరుస్తుంది, వాక్యూమ్ క్లీనర్ ఇంకా అన్యాయం. ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి పావుగంట ఆగాలి. గట్టి అట్టముక్కలు రెంటితో గాజును ఎత్తి, మిగిలిన పొడిని టేపు అంటించి లేపి, ఆ చోటును తడి కాగితంతో తుడిచి, అన్నిటినీ మూత బిగిసే గాజుసీసాలో వెయ్యాలి.

పల్లెల్లో అసలు సమస్య పురుగుమందు డబ్బా. 1971 పురుగుమందుల నియమాలు వాడిన డబ్బాలను పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చమన్నాయి. అప్పట్లో అది మంచి మాటే, మళ్లీ వాడకుండా ఆపడానికి. ఇవాళ గుంటూరు, వరంగల్ పత్తి చేలల్లో సీజన్‌కు పడే డబ్బాలన్నీ పూడ్చితే బోరు పక్కనే విషపు గుంటలు తవ్వుకున్నట్టే. డబ్బాలో పావువంతు నీళ్లు పోసి, అర నిమిషం కుదిపి, ఆ నీళ్లను స్ప్రే ట్యాంకులోనే ఒంపి, ఇలా మూడుసార్లు కడిగితే అడుగున మిగిలే మందు చాలా మటుకు పోతుంది, రైతు డబ్బు పెట్టి కొన్న మందు చేనుకే చేరుతుంది. ట్యాంకులో మందు కలిపేటప్పుడే కడగాలి. సాయంత్రానికి ఎండి గోడకు పట్టేస్తే మూడుసార్లు కాదు, పదిసార్లు కడిగినా రాదు. కడిగి, కంత పెట్టిన డబ్బాను షాపులో ఇస్తే డిపాజిట్ వెనక్కి వచ్చే ఏర్పాటు పెట్టాలి. సోడా సీసా వెనక్కి ఇస్తే డబ్బులు రావడం పాత తరానికి తెలిసిన లెక్కే.

డబ్బు లెక్క మారాలి

వీటన్నిటికీ చివరి మజిలీ ఉంది. తెలంగాణకు హైదరాబాద్ దగ్గరి దుండిగల్, ఉత్తరాంధ్రకు విశాఖ దగ్గరి పరవాడ ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు. అక్కడ భద్రమైన లాండ్‌ఫిల్ (పూడ్చే గుంట) ఉంది, భస్మీకరణ కొలిమి ఉంది. కానీ అవి ఫ్యాక్టరీల కోసం కట్టినవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వ్యర్థం రోజూ ఒకే రకం. ఒకసారి పూర్తి పరీక్ష చేసి, ఆ తర్వాత వచ్చే ప్రతి లోడునూ చిన్న పరీక్షతో సరిపోల్చుకుంటారు. ప్రతి లోడుకూ ఏడు ప్రతుల మేనిఫెస్టు (రవాణా పత్రం). ఇంటి వ్యర్థంలో ఒక డ్రమ్ములో పెయింటు, పక్కదాంట్లో దగ్గుమందు, ఎలుకలమందు. దీన్ని ఏ పరీక్షతో సరిపోల్చాలి? అందుకే కేంద్రం కాదంటుంది, లేదా మున్సిపాలిటీ భరించలేని ధర చెబుతుంది. కాలుష్య నియంత్రణ మండలి ఇళ్ల వ్యర్థానికి ఏడెనిమిది స్థిర వర్గాలు, ఒక్కోదానికి ఒక ప్రామాణిక పత్రం, టన్నుకు ఒక నిర్ణీత ధర ప్రకటిస్తే ఈ చిక్కు విడిపోతుంది. దీనికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు.

రెండో చిక్కు సేకరణ కాంట్రాక్టుల్లో ఉంది. టన్ను లెక్కన డబ్బు ఇచ్చినంతకాలం కాంట్రాక్టరుకు మూడు కిలోల సెల్స్ విడిగా ఉంచడం నష్టమే. మనిషి సమయం పోతుంది, తూకం పెరగదు. పది లక్షల ఊళ్లో రోజుకు నాలుగైదు వందల టన్నుల చెత్త వస్తే అందులో ప్రమాదకరమైనది అర శాతం అనుకున్నా రెండు టన్నుల పైచిలుకు. ఆ రెండు టన్నులకు కిలో లెక్కన, మామూలు చెత్తకన్నా చాలా రెట్లు ఎక్కువ ధర విడిగా పెట్టాలి. కార్మికుడికి అందులో వాటా ఉండాలి. చెత్త విడదీతకు పేరుపడ్డ ఇండోర్ బండ్లలో ఆరు అరలు ఎందుకు నిలబడ్డాయంటే అరలు ఉన్నందుకు కాదు, ఆ అరలను విడిగా దించుకునే మనిషి అవతల ఉన్నందుకు.

మన వార్డులకు రోజువారీ మూడో అర కన్నా నెలకు ఒక రోజు మేలు. రెండో శనివారం ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా, ఒక ఆటో, వీధి చివర ఒక గంట. ఆటోలో నాలుగడుగుల అట్టపెట్టె ట్యూబ్‌లైట్లకు, మూతపడే డబ్బా బల్బులకు, ఇసుక పోసిన ఇనుప బకెట్టు లిథియం సెల్స్‌కు. సెల్స్ రెండు కొసలకూ టేపు వేసి తీసుకోవాలి. పెయింటు, థిన్నర్ డబ్బాలు అంచున్న ట్రేలో నిలబెట్టాలి. యాసిడ్‌కు ఒక క్రేట్, బ్లీచింగ్‌కు ఇంకో క్రేట్, రెండింటి మధ్యా పెయింటు ట్రే. తెచ్చినవాటిని ఒకదాంట్లో ఒకటి ఒంపడం, పోగుచెయ్యడం పూర్తిగా నిషేధం. తెచ్చిన సీసాలోనే ఉండాలి. మనిషికి నైట్రైల్ తొడుగులు, కళ్లజోడు, ఒక బస్తా పొడి ఇసుక. కేంద్రంలో పైకప్పు, గట్టు ఉన్న సిమెంటు నేల, తాళం. ఫ్యాక్టరీలకు ఉన్న 90 రోజుల నిల్వ పరిమితినే ఇక్కడా పాటించాలి. నిండినా నిండకపోయినా మూడు నెలలకు లారీ కదలాలి. లారీ రాక నిండిపోయిన గది రెండో నెల నుంచే రాగి తీగల వేటగాళ్లకు అడ్డా అవుతుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఘన వ్యర్థాల నియమాలు చెత్తను నాలుగుగా విడదియ్యమన్నాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక శ్రద్ధ అవసరమైనవి (బల్బులు, మందులు, రంగు డబ్బాల వంటివి). శానిటరీని విడదీయడం మంచిపని, ఎందుకంటే ఎర్ర డబ్బాను చెత్తకే వాడిన ఇళ్లలోనూ అది నిండింది డైపర్లతోనే. రోజుకు 100 కిలోల చెత్త వచ్చే, లేదా 20,000 చదరపు మీటర్ల కట్టడం ఉన్న పెద్ద ప్రాంగణాల మీద కొత్త నియమాలు ఎక్కువ బాధ్యత పెట్టాయి. నగరాలు ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. గేటెడ్ కమ్యూనిటీకి వాచ్‌మన్ ఉన్నాడు, తాళం వేసే గది ఉంది, నెల నెలా మెయింటెనెన్స్ వసూలు ఉంది. అక్కడ కుదరనిది బస్తీలో కుదరదు.

నాలుగో డబ్బా ఏ రంగుదో తేలకముందే ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద అయిదు గళ్ల బోర్డు ఒకటి కట్టాలి: వచ్చే సేకరణ తేదీ, బండి ఆగే చోటు, కిందటి నెల వచ్చిన కిలోలు, లారీ బయల్దేరిన తేదీ, అది దిగిన కేంద్రం పేరు. కిందటి నెల గడి ఖాళీగా ఉంటే ఎవరిని అడగాలో ఆ వీధివాళ్లకు అప్పుడే తెలుస్తుంది.